కోట గొప్పోడే... మరి మన బాస విలన్ ఎట్లయింది?

2025 జులై 13 నాడు కోట శ్రీనివాసరావు పోయిండు. హైదరాబాద్ ఫిలింనగర్‌ల, తన ఇంట్లనే. మూడు దినాల ముందే 83 ఏండ్లు నిండినయ్. ఆ దినం పొద్దంత టీవీలన్నీ ఆయన సినిమా ముక్కలే తిప్పితిప్పి ఏసినయ్. దండలేసెటోళ్లు దండలేసిండ్రు, ఏడ్చెటోళ్లు ఏడ్చిండ్రు. మైకు ముందుకొచ్చినోళ్లల శానామంది ఒక మాట మరువకుంట అన్నరు. తెలంగాణ యాసకు కోట ప్రాణం పోసిండట. సినిమాల ఆ యాసకు గౌరవం తెచ్చిండట.

నాకు గాడ గుచ్చుకున్నది.

పోయినోళ్ల గురించి మంచే మాట్లాడాలె. కోట విషయంల అందుకు తిప్పలేం లేదు, మంచి చెప్పాలంటె కుప్పలున్నది. కని పానమున్నదానికి పానం పోసుడేంది? పొద్దుగాల లేస్తె కోట్లమంది మాట్లాడుకునే బాస. పొలం కాడ, కల్లు మండువల, గొర్ల ఎన్క, పీరీల ముంగట, బతుకమ్మ చుట్టు బతికిన బాస. దానికి కంకిపాడు నుంచి ఎవరో వచ్చి పానం పొయ్యాల్నా? ఇగ గౌరవం సంగతి. ఎవని నోట్ల పెట్టి తెచ్చిండ్రు గౌరవం? లంచగొండి మంత్రి నోట్ల పెట్టి. మనుషుల్ని నరికించేటోని నోట్ల పెట్టి. గిదేం గౌరవమో చెప్పినోళ్లకే తెల్వాలె.

కోట సంగతి ముందు మాట్లాడుకుందం. 1942 జులై 10న కృష్ణాజిల్లా కంకిపాడుల పుట్టిండు. నాయిన డాక్టర్. చదువుకుని స్టేట్ బ్యాంకుల కొలువు చేసిండు. పగలు బ్యాంకు, రాత్రి నాటకం. 'ప్రాణం ఖరీదు' (1978)తోని సినిమాలకొచ్చిండు. చిరంజీవి మొదటిసారి తెర మీద కనవడ్డది గూడ ఆ సినిమాల్నే. అప్పటికి కోటకు ముప్పయి అయిదు దాటినయ్. హీరో మొఖం కాదు, హీరో ఈడు కాదు, ఎనుక ఏ సినిమా కుటుంబమూ లేదు. అసొంటోడు 750కి పైగా సినిమాలు చేసిండు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ. తొమ్మిది నందులు. 2015ల పద్మశ్రీ.

లెక్కలు పక్కకు పెట్టుండ్రి. 'అహ నా పెళ్లంట' (1987)ల లక్ష్మీపతిని యాది చేసుకోండ్రి. కోడిని తాడుకు ఏలాడగట్టి, దాన్ని సూసుకుంట ఉత్త అన్నం తినే పిసినారి. న్యూస్‌పేపర్ ఒంటికి చుట్టుకుని తిరిగే మనిషి. జంధ్యాల రాసిన మాట ఎంతున్నదో కోట మొఖం గూడ అంతే ఉన్నది ఆ సినిమాల. ఆ పిసినారి మీద మనకు కోపం రాదు, జాలి రాదు, నవ్వే వస్తది. అదే మనిషి 'శివ' (1989)ల మాచిరాజు. అదే మనిషి 'మామగారు' (1991)ల బాబూమోహన్ తోని కలిసి ఊరంతా నవ్వించిండు. అదే మనిషి 'గాయం' (1993)ల గురునారాయణ్. 'ఆ నలుగురు' (2004)ల అప్పులిచ్చే కోటయ్య. పైస తప్ప వేరే దేవుడు లేనోడు, ఆఖరికి పాడె కాడ కరిగిపోయేటోడు. ఆ కరుగుడు చూడాలె. ఏడ్పు మొఖం పెట్టడు. లోపల ఏదో కూలిపోయినట్టు కనవడ్తది, అంతే. తమిళం పోయి 'సామి' (2003)ల పెరుమాళ్ పిచ్చై అయిండు. బొంబాయి పోయి 'సర్కార్' (2005)ల ఏసిండు. ఇసొంటి నటుడు మన తరంల శానామంది లేరు. ఎవరన్న కాదంటె కొట్లాటకు నేనే ముందుంట.

ఇగ ఇప్పుడు లెక్క తీద్దాం.

'బొమ్మరిల్లు' (2006)ల కోట ఆడపిల్ల నాయిన. 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' (2007)ల కొడుకు కోసం కిందిమీదివడే మధ్యతరగతి నాయిన. ఆ సినిమాల ఆయన చచ్చిపోతె టాకీసుల ఆడోళ్లు కొంగులు తడుపుకున్నరు. ఈ ఇద్దరు నాయినలు ఏం బాస మాట్లాడ్తరు? మన బాస కాదు. 'ప్రతిఘటన' (1985)ల కాశయ్య ఏం మాట్లాడ్తడు? మన బాస. 'గణేష్' (1998)ల ఆరోగ్యమంత్రి సాంబశివుడు, పేదోళ్ల మందుల పైసలు మింగేటోడు, ఏం మాట్లాడ్తడు? మన బాస. ఒకే మనిషి, ఒకే గొంతు. కన్నీళ్లు పెట్టించాల్సినప్పుడు ఒక బాస, కంపరం పుట్టించాల్సినప్పుడు ఇంకో బాస. జనం నోట్ల నిలవడ్డ కోట పాత్రలు ఎన్నున్నయో ముందటేసుకుని మీరే ఏరండ్రి. మన బాస మాట్లాడే మంచి మనిషి ఎన్ని చోట్ల తల్గుతడో చూడండ్రి.

కాశయ్య కాడ కొంచెం ఆగుదాం. అక్కడ్నే మొదలయింది ఈ కథ. 'ప్రతిఘటన' తీసిన టి. కృష్ణ మామూలు మసాలా డైరెక్టర్ కాదు. 'నేటి భారతం' (1983) తీసినోడు. ఎర్రజెండా ఆలోచనలున్నోడు. రాజకీయాల్ల గూండాగిరీ పెరిగిందని కడుపుమండి తీసిన సినిమా అది. ఝాన్సీ అనే లెక్చరమ్మ ఎదిరించి నిలవడ్తది. మంచిదే. కని ఆ రోజుల్ల గ్రూపులు కట్టి నడిబజార్ల నరుక్కున్న ఊరేది? బెజవాడ. కాలేజీల నుంచి మునిసిపాలిటీ దాంక రెండు ముఠాలు పంచుకున్న ఊరేది? బెజవాడ. 1988 డిసెంబర్ల వంగవీటి రంగా అనే ఎమ్మెల్యేను నిరాహారదీక్షల కూసున్న చోటనే చంపింది ఎక్కడ? బెజవాడల. మరి ఆ రాజకీయాన్ని తెర మీదికి తెచ్చినప్పుడు గూండాల పెద్దకు మన నాలుక ఎందుకు పెట్టిండ్రు? రౌడీయిజం కృష్ణ ఒడ్డుది, నాలుక గోదారి ఈ దిక్కుది. కమ్యూనిస్టు డైరెక్టర్‌కు గూడ అది తప్పనిపించలేదంటె, ఈ రోగం ఒక్క మనిషిది కాదని సమజ్ కావాలె.

విచిత్రం ఏందంటె, ఆ సినిమాల కాశయ్య ముఠాను ఎదిరించిన ఝాన్సీ, అదే విజయశాంతి, 2005ల తల్లి తెలంగాణ పార్టీ పెట్టింది. 2009ల మెదక్ నుంచి ఎంపీ అయి పార్లమెంటుల తెలంగాణ కోసం గొంతు చించుకున్నది. అనుకుంటె నవ్వొస్తది.

నేను 'ప్రతిఘటన' చూసింది మా తాలూకా టాకీసుల, మా నాయినతోని. నేల టికెట్టు. నాకు పదేండ్లు గూడ లేవు. కాశయ్య నోరు తెరువంగనే టాకీసంతా చప్పట్లు. ఈలలు. మా నాయిన బీడీ ఆర్పి, నా బుజం మీద కొట్టి, మన తీర్గనే మాట్లాడ్తుండుర అన్నడు. మొఖం ఎలిగిపోయింది. వాడు దుర్మార్గుడని మా నాయినకు తెలుసు. అయినా మురిసిండు. ఎందుకు మురిసిండు? ఎన్టీ రామారావు ఆయన లెక్క మాట్లాడలె. నాగేశ్వరరావు మాట్లాడలె. రేడియో మాట్లాడలె. బడి పుస్తకం మాట్లాడలె. పేపర్ల ఉండలె. నలభై ఏండ్ల బతుకుల మొదటిసారి ఎవడో ఒకడు తెర మీద నిలవడి ఆయన బాస మాట్లాడిండు. వాడు దొంగ అయితే ఏంది, దొర అయితే ఏంది? దూప గొన్నోనికి నీళ్లు ఏ చేతికెళ్లి వచ్చినయో సూసే ఓపిక ఉంటదా?

గదే అసలు ముచ్చట. కోటను మొదలు నెత్తిన పెట్టుకున్నది మనమే. మన టాకీసులల్ల పడ్డ ఈలలు మద్రాసు దాంక వినవడ్డయ్. వాళ్లకేమర్థమయింది? ఈ యాస పెడితె నైజాంల పైసలొస్తయని అర్థమయింది. వీళ్ల బాసకు వీళ్లు ఇంత ఆకలిగొని ఉన్నరు, జర మంచి పాత్రకు పెడుదాం అని మాత్రం అర్థం కాలె. మన ప్రేమను లెక్కగట్టి, మన బాసనే విలన్ మెడకు డోలు కట్టిండ్రు.

పదమూడేండ్ల తర్వాత 'గణేష్' వచ్చింది. అప్పటికి నేను ఇంటికి దూరంగ ఒక కాలేజీ హాస్టల్ల ఉన్న. ఆ ఊరు పేరు ఒద్దు. క్లాసుల సారు ఏదో అడిగిండు, పొద్దుగాల్లనే వచ్చిన సార్ అన్న. ఎన్క బెంచీల నుంచి ఒకడు సాంబశివుడు గొంతు తీసిండు. అరవై మంది నవ్విండ్రు. సారు గూడ పెదవి బిగవట్టుకున్నడు కని కండ్లు నవ్వినయ్. ఆ దినం నుంచి నా పేరు సాంబశివుడు. అన్నం కాడ సాంబశివుడు, ఆటల సాంబశివుడు. మినిస్టర్‌గారూ ఎంత తిన్నారు అని పరాచికాలు. ఆరు నెలలల్ల నేను మాట్లాడుడు మార్చుకున్న. 'వచ్చిన' పోయి 'వచ్చాను' వచ్చింది. పండుగకు ఇంటికొచ్చి అవ్వతోని 'తిన్నానమ్మా' అన్న. అవ్వ నా దిక్కు తేరిపార సూసి ఏం అనలె. కొత్త చుట్టానికి పెట్టినట్టు కంచంల అన్నం పెట్టింది. కోటకు ఆ ఏడాది సినిమాకు ఉత్తమ విలన్ నంది వచ్చింది. నంది అంటె సర్కారు బహుమానం. మన పన్నుల పైసలు అందుల లేవా?

ఇప్పుడు 'బిడ్డా' అనే మాట తీసుకోండ్రి. మన ఇండ్లల్ల ఇది ఎసొంటి మాట? అవ్వ కూతుర్ని పిలిచే మాట. అత్తగారింటికి తోలేటప్పుడు నాయిన గొంతుల ఇరుక్కునే మాట. ముసలమ్మ బస్సుల తెల్వని పోరనికి జాగ ఇయ్యమని అడిగే మాట. కొడుకునైనా బిడ్డా అనే అంటం. అంత మెత్తటి మాట ఇంకోటున్నదా మన దగ్గర? సినిమాల అదేమయింది? బెదిరింపయింది. బిడ్డా అన్నడంటె ఎనుకకెల్లి కత్తి వస్తుందన్నట్టు. ఏలు చూపెట్టి, కండ్లు ఉరిమి బిడ్డా అనుడు విలన్ పని. మనోళ్లు కొట్లాటల అనరా అంటె అంటరు, ఎందుకనరు? కని ఇంట్ల వందసార్లు పావురంగ అని బజార్ల ఒక్కసారి కోపంగ అంటం. వాళ్లు ఆ తొంభైతొమ్మిదిటిని ఇడిచిపెట్టి ఒక్కటి పట్టుకపోయిండ్రు. కాకినాడ పోరనికి, నెల్లూరు పోరనికి ఆ ఒక్కటే తెలుసు. వాడు మన ఊరికొస్తె, మా అవ్వ బిడ్డా అని పిలిస్తె ఏమనుకోవాలె?

తమ్మీ అన్న మాటకు అదే గతి. గట్ల, గిట్ల అన్న మాటలకు అదే గతి. ప్రతి మాట ముంగట ఒక 'గ' తగిలిచ్చి, ఎన్క ఒక 'ండు' తగిలిస్తె తెలంగాణ అయిపోయిందనుకున్నరు డైలాగులు రాసెటోళ్లు. ఆదిలాబాద్ మాట వేరు, పాలమూరు మాట వేరు, నల్లగొండ గుంజుడు వేరు, ఓరుగల్లు విరుపు వేరు, పాతబస్తీ హైదరాబాదీ అసలే వేరు. వాళ్లకు అన్నీ ఒక్కటే. న్యాయంగ చెప్పాలంటె కోట చెవి వాళ్లందరికన్న మంచిది. మాట ఏడ ఆపాలె, ఏడ నానబెట్టాలె, ఉర్దూ ముక్క ఏడ ఇసిరెయ్యాలె అన్నది పట్టుకున్నడు. అందుకే ఆయన మాట మిగిలింది, తక్కినోళ్లది ఎగిరిపోయింది. అందుకే దెబ్బ గూడ గట్టిగ తాకింది. వేషం సరిగ్గ కుదరనోడు ఎక్కిరిస్తె నవ్వి ఊకుంటరు. అచ్చంగ మనలెక్కనే మాట్లాడేటోడు దుర్మార్గుడైతె, దుర్మార్గులు ఇట్లనే మాట్లాడ్తరని లోకం నమ్ముతది.

ఇగ ఒక అన్న అంటడు, విలన్‌కు ఏదో ఒక యాస ఉండాలె గదా అని. ఎందుకుండాలె? హీరోకు యాస ఎందుకు లేదు? లేదనుకుంటున్నరు గని ఉన్నది. ఆయనది కృష్ణా, గుంటూరు యాస. దానికి యాస అని పేరు పెట్టలె, భాష అని పెట్టిండ్రు. రెండున్నర జిల్లాల మాట భాషయింది, తక్కినోళ్లందరివి యాసలైనయ్. మనొక్కళ్ల సంగతే గాదు. శ్రీకాకుళం మాట పనోనికి పోయింది. రాయలసీమ మాట ఫ్యాక్షన్ ముఠాకు పోయింది, బాంబులు, సుమోలు, తొడగొట్టుడు. హైదరాబాదీ ఉర్దూ దావూద్ మనిషికి పోయింది. నడుమ మిగిలిన మంచితనమంతా ఎవరికి పోయిందో పటం ముందటేసుకుని చూడండ్రి. సీమ అన్నదమ్ముల పంచాయితీ గూడ ఇండ్ల ఉన్నది. వాళ్లు ఇంకా గట్టిగ అడుగుత లేరు, అడుగుతె మేం పక్కన నిలవడ్తం.

ఇంకో అన్న అంటడు, మంత్రుల్ల దొంగలు మీ దగ్గర లేరా అని. ఉన్నరు, మస్తుగున్నరు. కని లెక్క చూడాలె. 1956 నవంబర్ 1 నుంచి 2014 జూన్ 2 దాంక 57 ఏండ్ల ఏడు నెలలు. అందుల పీవీ, జలగం, చెన్నారెడ్డి రెండుసార్లు, అంజయ్య, అందరిని కలిపితె మనోళ్లు ముఖ్యమంత్రి కుర్చీల కూసున్నది పదిన్నరేండ్లు. తక్కిన ఏండ్లల్ల శానామట్టుకు కుర్చీ వాళ్లది. పైసలు, నీళ్లు, ఫైళ్లు వాళ్ల చేతుల. తెర మీద లంచం తినే మంత్రి మాత్రం మనోడు! నిజంల కుర్చీ మాకియ్యలె, సినిమాల కుర్చీతో పాటు నేరం గూడ ఇచ్చిండ్రు.

'ఒసేయ్ రాములమ్మ' (1997) లేదా అంటరు. ఉన్నది. దాసరి తీసిండు, జనం విరగబడి చూసిండ్రు. ఆర్. నారాయణమూర్తి లేడా అంటరు. ఉన్నడు. తూర్పుగోదావరి నుంచి వచ్చి మన పల్లెల కథలు, మన పాటలు పెట్టుకుని సినిమాలు తీసిండు. ఆయన మీద మాకు పావురమే. బి. నర్సింగరావు పైసలు తెచ్చి 'మా భూమి' తీపిచ్చిండు, తర్వాత తనే 'దాసి' (1988) తీసిండు. వీటిని ఎవరు కాదన్నరు? కని ఇవి పెద్ద రోడ్డు పక్కన కాలిబాటలు. వారం వారం విడుదలయ్యే సినిమాల సంగతి నేను మాట్లాడేది. అండ్ల వాటా అడుగుతున్న.

ఇప్పుడు కథను తిరగేసి చూద్దాం. మనోడు అటు పోతె ఏమయింది? కోదాడ కాడి గుడిబండల పుట్టినోడు కాంతారావు. 1950ల మొదట్ల మద్రాసు పోయిండు. కత్తి పడితె కాంతారావే పట్టాలె అన్నరు, కత్తి కాంతారావే అయిండు. నారదుడంటె కాంతారావే. 'లవకుశ' (1963)ల లక్ష్మణుడు. నాలుగు వందల దాంక సినిమాలు. అన్ని సినిమాలల్ల గుడిబండ మాట ఒక్కటి ఇనవడదు. పౌరాణికంల, జానపదంల ఎవరి యాసకు చోటున్నదని మీరంటరు. సరే, ఒప్పుకుంట. కని ఆయన సొంత మాటను ఇంటికాడ మడతపెట్టి పోతెనే గడప దాటనిచ్చిండ్రన్నది గూడ నిజమే గదా? సొంతంగ సినిమాలు తీసి ఉన్నది పోగొట్టుకున్నడు. 2009 మార్చి 22న హైదరాబాద్‌ల పోయినప్పుడు ఆయన కాడ ఏం మిగల్లేదు. తుంగతుర్తి డాక్టర్ ప్రభాకర్ రెడ్డి ఇంకొకడు. అన్ని వందల సినిమాలు చేసిన మనిషి, చిత్రపురి కాలనీకి ఆయన పేరే. ఆయన గూడ తెర మీద వాళ్ల మాటే మాట్లాడిండు. నల్లగొండ నటుడు కృష్ణాజిల్లా బాస నేర్చుకుని దేవుడు, రాజు అయిండు. కృష్ణాజిల్లా నటుడు నల్లగొండ బాస నేర్చుకుని దుష్టుడయిండు. నేర్చుకున్నది ఇద్దరూ. ఏ బాసకు ఏ వేషం వచ్చిందో మాత్రం చూడండ్రి.

మరి కోటది తప్పేం లేదా? రాసినోడు రాసిండు, తీసినోడు తీసిండు, ఆయన ఏసిండు అని ఇడిచిపెట్టాల్నా? సగం ఇడిచిపెడ్త. 1985ల కాశయ్య ఏసే నాడు ఆయన చిన్న నటుడు. ఇచ్చింది ఏసుకోవాలె. కని 1995 వచ్చేటాలకు కోట లేకుంటె సినిమా లేదు. ఆయన డేట్ల కోసం పెద్ద పెద్ద హీరోలు షూటింగులు జరుపుకున్నరు. ఆ నాడు ఒక్కసారి, ఈ యాసల ఒక మంచి నాయిన పాత్ర రాయండ్రయ్యా అని అంటె కాదనెటోడు ఎవడు? పరభాష నటులు మన సినిమాల్ల నిండిపోతున్నరని, తెలుగోళ్లకు వేషాలు దొరుకుత లేవని ఆయన ఎన్నో సార్లు గొంతెత్తిండు. నిజమే మాట్లాడిండు. ఆ గొంతే జర ఇటు తిప్పితె ఎంత బాగుండు! ఎమ్మెల్యే గూడ అయిండు. 1999 నుంచి 2004 దాంక విజయవాడ తూర్పు, బీజేపీ. ఒక ఓటు రెండు రాష్ట్రాలని 1997ల కాకినాడల తీర్మానం చేసి, 2000ల మూడు కొత్త రాష్ట్రాలిచ్చి మనకు ఎగవెట్టిన పార్టీ. అది కోట చేసింది కాదులే. యాదికొచ్చి అన్న.

రాష్ట్రం వచ్చినంక సినిమాకు మన మీద పావురం పుట్టింది. 'ఫిదా' (2017) వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి మన మాటలు మాట్లాడ్తుంటె ఆంధ్రల గూడ ఈలలేసిండ్రు. ఆ మాటలు పలికిన సాయిపల్లవి ఎక్కడి పిల్ల? తమిళనాడు పిల్ల. తప్పేం లేదు, నేర్చుకుని మంచిగ మాట్లాడింది. ఆ సినిమా నిర్మాత దిల్ రాజు నిజామాబాద్ మనిషి. పదకొండేండ్ల ముందు 'బొమ్మరిల్లు' తీసింది గూడ ఆయనే. అప్పుడు కోట ఆడపిల్ల నాయిన, ఆ నాయిన నోట్ల మన మాట పెట్టాలన్న ఆలోచన నిజామాబాద్ మనిషికి గూడ రాలె. రాష్ట్రం ఒచ్చినంకనే ఒచ్చింది. ఉద్యమం ఏం చేసిందని అడిగెటోళ్లు ఈ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడండ్రి. పన్నెండు వందల మంది పానాలు తీసుకున్న కొట్లాటల ఇదొక చిన్న ముక్క. చిన్నదే గని ఉట్టిగ రాలె.

ఆ తర్వాత 'బలగం' (2023). సిరిసిల్ల పోరడు ఎల్దండి వేణు తీసిండు. కొమురయ్య తాత సచ్చిపోతడు, పిట్టకు పెడితె పిట్ట ముట్టది. నల్లి బొక్క కాడ మొదలైన పంచాయితీ ఇల్లును రెండు ముక్కలు చేసి ఉంటది. ఊర్లల్ల తెరలు కట్టుకుని, బొడ్రాయి కాడ కూసుని చూసిండ్రు జనం. ఇడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నరని చెప్పుకున్నరు. అందుల పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. 2025 ఆగస్టు 1న ప్రకటించిండ్రు, కోట పోయి మూడు వారాలు గూడ కాలె.

నేను 'బలగం' చూసుకుంట కోటనే తల్సుకున్న. కొమురయ్య ఏషం ఏసిన సుధాకర్ రెడ్డి మనసునిండ ఏసిండు, ఆయనకు దండం. అయినా తల్సుకున్న. 1990ల అసొంటి కథ ఒక్కటి ఎవరన్న రాసి ఉంటె? అందరితోని పరాచికాలాడుకుంట, మనుమన్ని బిడ్డా అని పిలుచుకుంట, ఊరంతా తిరిగి, రాత్రికి కన్నుమూసే ముసలోడు. కోట ఆ బిడ్డా అన్న మాట ఎట్ల పలుకుతుండెనో! ఆ నానబెట్టుడు, ఆ ఆపుడు, ఆ కండ్ల చెమ్మ. 'ఆ నలుగురు'ల పాడె కాడ మనిషి ఎట్ల కరిగిండో, మన ఊరి వాకిట్ల అట్ల కరుగుతుండె. అంత నటుడు మన బాస నేర్చుకుంటె, ఆయన చేతికి కత్తి ఒక్కటే ఇచ్చిండ్రు. నష్టం మనకేనా? ఆయనకు కాలేదా?

మా నాయిన ఇంకా ఉన్నడు. కండ్లు మసకలు. కోట పోయిన దినం టీవీల సాంబశివుడు ముక్కలు వస్తుంటె సౌండు పెంచమన్నడు. నేను లేసి పెంచిన.

ఇప్పుడు ఫిలింనగర్ల కూసుని సినిమాలు రాస్తున్న తమ్ముళ్లకు ఒక్కటే అడుగుడు. మీ దగ్గర కొత్త కథ ఉండే ఉంటది. అండ్ల ఒక హైకోర్టు జడ్జి ఉంటడు, గుండె డాక్టరమ్మ ఉంటది, యూనివర్సిటీ సారు ఉంటడు. వాళ్లల ఒక్కరు పొద్దుగాల్ల వచ్చిన అని మాట్లాడితె, ఆ ముక్కకు నవ్వుల మ్యూజిక్ ఎయ్యకుంట ఉంటరా?